వేలాడదీసిన గేర్‌బాక్సు

గేరు మళ్ళీ అరిచింది.

ఇనప పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్న ఆ చప్పుడు షెడ్డు రేకులకు తగిలి, మెట్లెక్కి, పైనున్న వంటగదిలోకి వచ్చిపడింది. అత్త చేతిలో గరిటె ఆగింది. "ఇంకా గేరు పడలేదా?" అని గోడనడిగింది. ఆ ఇంట్లో ఆవిడ ప్రశ్నలన్నీ గోడలకే.

కింద, ఎర్రరంగు వెలిసిపోయిన పాతకారులో పెద్దకొడుకు కూర్చుని ఉన్నాడు. షెడ్డు మేస్త్రి అయిన తండ్రి పుట్టకముందే రోడ్డెక్కిన కారు అది. క్లచ్ పెడల్ నేలకంటా తొక్కి మొదటి గేరు వెయ్యబోయాడు. కర్రుమంది. ఇంజను ఆపి గేరు వేశాడు. మెత్తగా దిగింది. గేరు తీసి, ఇంజను స్టార్ట్ చేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే అరుపు.

"తొక్కినా క్లచ్ వదలట్లేదు," అన్నాడు కారు దిగి చేతులు తుడుచుకుంటూ. "ప్లేటు తిరగేసి పెట్టారు."

పెట్టారు అన్నాడు గానీ ఎవరినన్నాడో అక్కడ అందరికీ తెలుసు. క్లచ్ ప్లేటు పెట్టింది చిన్నకోడలు. ఆ తర్వాత గేర్‌బాక్సు ఎక్కించింది అన్నదమ్ములిద్దరూ. ఇద్దరు చేసిన పని మీదికి ఎవరి చూపూ పోలేదు. ఒక్కతి చేసిన పని మీదికి మూడు జతల కళ్ళు పోయాయి.

చిన్నకొడుకు బానెట్ అవతల నిలబడి చేతిలో పానాను చూసుకుంటున్నాడు. పానా మీద ఏదో రాసి ఉన్నట్టు చూస్తున్నాడు.

"సరిగ్గానే పెట్టాను బావగారూ," అంది కోడలు. "స్ప్రింగులు ఉబ్బుగా ఉన్న ముఖం గేర్‌బాక్సు వైపు. సాదాగా ఉన్న ముఖం ఇంజను వైపు. ఇందులో పొరబడేదేముంది?"

"మరి వదలదేం?"

"వదలకపోవడానికి ప్లేటొక్కటే కారణమా? ఆయిలు గొట్టంలో గాలి ఉండొచ్చు. లోపల ప్లేటును వదిలించే ఫోర్కు జారి ఉండొచ్చు. అవి చూశారా?"

"చూడక్కర్లేదు. నేను పుట్టి పెరిగింది ఈ గ్రీజులోనే. ఇల్లు తుడిచే కర్రతో బండి బాగుచేస్తే ఇలాగే ఏడుస్తుంది."

ఆ కర్ర సంగతి ఇది. ప్లేటును సరిగ్గా మధ్యలో నిలబెట్టి బిగించకపోతే గేర్‌బాక్సు షాఫ్టు అందులోకి దూరదు. దానికొక పనిముట్టు ఉంటుంది. ఈ ముసలి కారుకు సరిపోయేది ఏ దుకాణంలోనూ లేదు. కంటి అంచనాతో పెడదామంటే మేస్త్రి చూపు మసకబారింది. పెద్దకొడుకు పెడితే షాఫ్టు దూరలేదు, చిన్నకొడుకు పెట్టినా దూరలేదు. అప్పుడు కోడలు అత్త తుడుపు కర్ర ముక్క కోసి, చెక్కి, టేపు చుట్టి, ఆ షాఫ్టు కొలతకు తెచ్చింది. ప్లేటు మొదటిసారికే మధ్యలో నిలబడింది. పెద్దకొడుకు ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

తమ్ముడితో అయితే చాలా కాలంగా అసలే మాట్లాడడు. ఒక చక్రం బోల్టు బిగించడం మరిచాడని బండ్లవాళ్ళందరి ముందు తమ్ముడి చెంప పగలగొట్టాడు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. పక్కపక్కనే పనిచేస్తారు. "వాడికి చెప్పు, పట్టుకోమని." "ఆయనకి చెప్పు, పట్టుకున్నానని." ఆ మాటలు మోసేది కోడలు. కారు కింద పడుకున్నా, నోట్లో బోల్టు కరిచి పట్టుకున్నా, ముందు మాట మొయ్యాలి. తర్వాతే పని.

"ఆగండి," అన్నాడు మేస్త్రి స్టూలు మీంచి లేవకుండా. "వరసగా చూడండి. బయటి నుంచి లోపలికి."

కోడలు చక్రాల పలక మీద పడుకుని కారు కిందికి జారింది. మొగుడు పెడల్ దగ్గర కూర్చున్నాడు.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో... వదులు. మళ్ళీ తొక్కు."

గొట్టం చివర వదులు చేస్తే ఆయిలు సన్నటి ధారగా వచ్చింది. ఒక్క బుడగ లేదు. గేర్‌బాక్సు పక్కనున్న రబ్బరు తొడుగు తప్పించి లైటు వేసి చూసింది. పెడల్ తొక్కినప్పుడల్లా ఫోర్కు ఉన్నంత దూరమూ కదులుతోంది. జారలేదు.

ఆమె వెంటనే బయటికి రాలేదు. కారు కింద పడుకుని ఆ ఫోర్కు వంక చూస్తూ ఉండిపోయింది. బయట అంతా బాగుంది. అంటే తప్పు లోపల ఉంది. లోపల పెట్టింది తను. అబద్ధం చెప్పి "ఫోర్కు తేడాగా ఉంది" అంటే ఈ పూటకు గండం గడుస్తుంది. మగవాళ్ళు ఆ షెడ్డులో ఎన్నిసార్లు అలా గడుపుకోలేదు!

"ఫోర్కు బాగానే ఉంది మామయ్యా," అంది. "తప్పు లోపలే."

"అదే నేనూ అన్నది," అన్నాడు పెద్దకొడుకు.

మేస్త్రి బీడీ ఆర్పాడు. ఈ కారు యజమానురాలు, ఒంటరిగా బతికే ముసలి పంతులమ్మ, బండి వదిలిపెడుతూ "ఈ అమ్మాయి చేత చేయించండి" అని అడిగింది. షెడ్డులో ఒక గిరాకీ అలా అడగడం అదే మొదలు. ఆ మాట మీదే మేస్త్రి కోడలికి మాటిచ్చాడు. ఈ బండి సరిగ్గా నడిచి బయటికెళితే వెనకనున్న గుంట, బండి కింద నిలబడి పనిచేసే చోటు, ఆమెది. సొంతంగా బండ్లు తీసుకోవచ్చు, ఒకరి చేతి కింద కాకుండా. రేపు పొద్దున్నే పంతులమ్మ వస్తుంది.

"బాక్సు దించుదాం," అన్నాడు మేస్త్రి. "అమ్మాయ్, విను. ప్లేటు తిరగేసి ఉంటే, ఇక నువ్వు షెడ్డులోకి దిగొద్దు. గుంట మాట మరిచిపో."

"తిరగేసి ఉండకపోతే?"

మేస్త్రి ఆమె వంక చూశాడు. ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. ఊహించాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

"ముందు తిని రండి," అన్నాడు లేచి.

మన ఇళ్ళల్లో పెట్టే పరీక్షలన్నీ ఇలాంటివే. తప్పితే ఏమవుతుందో ఆడదానికి ముందే చెబుతారు. నెగ్గితే ఏమవుతుందో అడిగితే అన్నం వేళ అవుతుంది.

*

మెట్ల మలుపులో, నీళ్ళ డ్రమ్ము దగ్గర కోడలు మొగుణ్ణి ఆపింది.

"బాక్సు ఎక్కిస్తున్నప్పుడు అత్తయ్య పిలిస్తే నేను టీ కోసం పైకెళ్ళాను. గుర్తుందా?"

"ఉంది."

"నేను వెళ్ళేసరికి షాఫ్టు సగం దూరింది. తిరిగొచ్చేసరికి బోల్టులు బిగిస్తున్నారు. మధ్యలో ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? ఎక్కించాం."

"ఎలా ఎక్కించారు? మీ ఇద్దరికీ మాటల్లేవుగా."

అతను చేతులు కడగడం మొదలుపెట్టాడు. సబ్బు లేకుండా, అదే చోట, మళ్ళీ మళ్ళీ.

"జాకీ కొంచెం దిగిపోయింది," అన్నాడు చివరికి.

"దిగిపోతే?"

"అన్నయ్య 'ఎత్తాలి' అన్నాడు. గాల్లోకి అన్నాడు. నా పేరెత్తలేదు, నా వంక చూడలేదు. నేనెందుకెత్తాలి?"

"మరి బాక్సు దేని మీద ఉంది?"

అతను వేళ్ళ సందులు రుద్దుకుంటున్నాడు.

"జాకీ మీద లేదు. బోల్టులు ఇంకా పెట్టలేదు. దేని మీద ఉంది చెప్పు."

"షాఫ్టు మీద," అన్నాడు. "వేలాడింది."

కోడలు డ్రమ్ము అంచు పట్టుకుంది. అంత బరువు గేర్‌బాక్సు, సగం దూరిన షాఫ్టు మీద వేలాడితే ఆ భారం మోసేది ప్లేటు. పళ్ళెమంత పలచటి ప్లేటు. అది వంగిపోతుంది. వంగిన ప్లేటు ఎంత తొక్కినా ఒక పక్క రాసుకుంటూనే ఉంటుంది, క్లచ్ వదలదు. ఈ ఒక్క ముక్క పొద్దున చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం లేదు.

"ఎంతసేపు?"

"ఏమో. ఆయన ఎత్తమని నాతో అనలేదు. నేను ఎత్తలేదు. నువ్వొస్తావని చూశాం. రాలేదు. చివరికి ఆయనే విసుక్కుని వచ్చి జాకీ ఎత్తాడు."

"నన్ను ఒక్క కేక వెయ్యలేకపోయారా?"

"ఎవరు వేస్తారు? వేస్తే ఓడినట్టేగా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకుండానే చచ్చిపోయింది.

"మామయ్యతో చెప్పు."

"చెప్తే నాన్న నన్నే అంటాడు. జాకీ దగ్గరున్నది నేను. అన్నయ్య మళ్ళీ చెయ్యెత్తుతాడు. ఆ రోజు ఎంతమంది చూశారో నీకు తెలీదు." అతను గొంతు తగ్గించాడు. "నువ్వు ఊరుకో. ప్లేటు నేనే బయటికి తీస్తాను. తిరగేసి ఉందంటాను. నాన్న రెండ్రోజులు కోప్పడతాడు. తర్వాత మామూలే."

"నేను షెడ్డులోకి దిగకూడదు. అది మామూలేనా?"

"నీకు పోయేదేముంది? ఇంట్లో ఉంటావు. అందరాడవాళ్ళూ ఉండట్లా? నాకు షెడ్డు పోతే నేనెవణ్ణి?"

ఆమె అతని వంక చూసింది. పెళ్ళయిన కొత్తలో ఇతనే పానాల కొలతలు నేర్పాడు. తప్పు పానా అందిస్తే నవ్వి నెత్తిన మొట్టేవాడు. తను అతన్ని మించిపోతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

"ప్లేటు నేనే తీస్తాను," అని మెట్లు దిగింది. తినలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

*

బోల్టులన్నీ ఊడాయి. గేర్‌బాక్సు బరువంతా జాకీ మీదికి వచ్చింది. పెద్దకొడుకు కారు కింద, బాక్సు తోక పట్టుకుని. చిన్నకొడుకు జాకీ దగ్గర. కోడలు ఇద్దరికీ మధ్య, ఎప్పటి చోటే.

పెద్దకొడుకు బాక్సును వెనక్కి లాగాడు. కొంచెం జారి, బరువు సగం షాఫ్టు మీద ఆగింది.

"వాడికి చెప్పు, కాస్త దించమని."

కోడలు మాట్లాడలేదు.

"అమ్మాయ్, నీకే. వాడికి చెప్పు."

"నేను చెప్పను బావగారూ. మీ కాలు తగిలేంత దూరంలోనే ఉన్నాడు. చెవుడు కూడా లేదు."

స్టూలు మీద మేస్త్రి కదిలాడు. "ఇప్పుడా పంతాలు? చెప్పమ్మా. బాక్సు షాఫ్టు మీద వేలాడుతోంది. ప్లేటు పాడవుతుంది."

"ఇప్పుడు వేలాడినా పరవాలేదు మామయ్యా. ఒకసారి వేలాడింది చాలు."

మేస్త్రి మెడ అటు తిరిగింది. మసక చూపుతోనే ఒక కొడుకు నుంచి ఇంకో కొడుక్కి, అక్కడి నుంచి జాకీకి చూశాడు. బాక్సు ఒక్క అంగుళం కిందికి వాలి కిర్రుమంది. ఆ బరువు ఇప్పుడు కింద పడుకున్న పెద్దకొడుకు ఛాతీకి సూటిగా ఉంది.

"వాడికి..." అన్నాడు. ఆగాడు. ఊపిరి పీల్చాడు.

"దించరా," అన్నాడు.

తమ్ముడి చెయ్యి జాకీ మీద తనంతట తానే కదిలింది. "ఇంకొంచెమా?"

"ఇంకొంచెం. చాలు. పట్టుకో."

బాక్సు క్షేమంగా నేలకు దిగింది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

కోడలు ముందుకు వంగి క్లచ్ మూతబోల్టులు విప్పి ప్లేటు మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు. "మామయ్యా, మీరే వచ్చి చూడండి. నేను తీశాక మార్చానంటారు."

మేస్త్రి వచ్చాడు. కళ్ళతో కాదు, వేళ్ళతో చూశాడు. స్ప్రింగుల ఉబ్బు గేర్‌బాక్సు వైపే తగిలింది.

"సరిగ్గానే ఉంది," అన్నాడు.

ఆ మాట పైన వంటగది దాకా వినబడాలని ఆమె ఎంతగా కోరుకుందో, ఆయన అంత మెల్లగా అన్నాడు.

ఆమె ప్లేటు తీసి, నేల మీదున్న బాక్సు షాఫ్టుకు తొడిగి వేలితో తిప్పింది. తిరుగుతున్న ప్లేటు అంచు సరిగ్గా నిలబడలేదు. ఇటోసారి, అటోసారి ఊగింది. ఆ ఊగిసలాట మసక కళ్ళకు కూడా కనబడింది.

"వంగింది," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు మారింది. "బాక్సు వేలాడదీశారు. నేను నేర్పిన మొదటి పాఠం అది. ఎవర్రా?"

కోడలు మొగుడి వంక చూసింది. ఒక్క మాట. ఆమె అడిగింది అంతే.

"ఆ టైముకి అమ్మాయి లేదు నాన్నా," అన్నాడు పెద్దకొడుకు. "పని సగంలో వదిలేసి పైకెళ్ళింది. నేను ఎత్తమన్నాను. వాడికి చెప్పడానికి మనిషేదీ?"

మేస్త్రి చిన్నకొడుకు వైపు తిరిగాడు. "అంతేనా?"

చిన్నకొడుకు పెళ్ళాం వంక చూడలేదు. అన్న వంక చూశాడు. అన్న కూడా అతని వంకే చూస్తున్నాడు, ఆ చెంపదెబ్బ తర్వాత మొదటిసారిగా.

"అంతే నాన్నా," అన్నాడు. "తను ఉండి ఉంటే ఇలా అయ్యేది కాదు. అన్నయ్య చెప్పాడు. నాదాకా రాలేదు."

"అదే కదరా నేననేది," అన్నాడు అన్న. భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

మేస్త్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్లేటు కోసం కాదు. ఆయన ఇద్దరు కొడుకులూ ఒకే మాట మీద ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. ఆ మాట ఎవరి పీక మీద నిలబడిందో చూడాలంటే కళ్ళు తుడుచుకోవాలి. తుడుచుకోలేదు.

"టీ ఎవరికోసం తేవడానికి వెళ్ళాను మామయ్యా?" అంది కోడలు. "నాకోసమా?"

"పోనీలే అమ్మాయ్. అయిందేదో అయింది. పంతులమ్మ రెండు ప్లేట్లు తెచ్చిచ్చింది కదా, రెండోది అలమారలో ఉంది. వాళ్ళిద్దరూ చూసుకుంటారు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారుగా, మధ్యలో మనిషితో పనిలేదు." ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. అదే భరించలేనిది. "నువ్వు పైకెళ్ళు. వాళ్ళిద్దరికీ పక్కపక్కనే వడ్డించమని మీ అత్తకి చెప్పు."

ఇంకొక మాట. దాన్ని కూడా ఆమే మొయ్యాలి.

మోసింది. వెళ్ళేటప్పుడు బల్ల మీదున్న టేపు చుట్టిన కర్రను చంకలో పెట్టుకుంది. ఎవరూ గమనించలేదు. ఇల్లు తుడిచే కర్రేగా.

*

అత్త ఆ మాట విని గరిటె పక్కన పెట్టి ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది. "నీ పుణ్యమా అని కలిశారమ్మా," అంటూ కోడలి గడ్డం పట్టుకుంది. కోడలి ముఖం చూశాక అత్త చెయ్యి మెల్లగా జారిపోయింది.

"ఆ రోజు టీకని పిలిచింది నేనేగా," అంది కాసేపటికి. ఈసారి గోడతో కాదు.

"అవును అత్తయ్యా."

"ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదా?"

"తెలుసు. తాగింది వాళ్ళే."

కింద నుంచి అన్నదమ్ముల మాటలు వినబడుతున్నాయి. "ఇటు జరుపు." "జరిపా." "కొంచెం కింద." "ఇప్పుడు?" బాక్సు షాఫ్టు ప్లేటుకు తగిలి ఠక్కుమంది. దూరలేదు. మళ్ళీ ఠక్కుమంది. మళ్ళీ. మాటలు కురచవుతున్నాయి. ఎవరో పానా విసిరారు. తర్వాత వెతుకులాట, డబ్బాలు జరిపిన చప్పుడు, అలమార తలుపు.

తర్వాత మెట్ల మీద అడుగులు. మేస్త్రి గుమ్మం దగ్గర ఆగాడు. చెప్పులకు గ్రీజు ఉంది, లోపలికి రాలేదు.

"అమ్మాయ్, ఆ కర్ర ఇటివ్వు."

"ఏ కర్ర మామయ్యా? ఇల్లు తుడిచేదా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "పొద్దున్నే పంతులమ్మ వస్తుంది."

"తెలుసు. నా చేత చేయించమని అడిగినావిడే కదా."

"ఇవ్వమ్మా. వాళ్ళు నిలబెట్టలేకపోతున్నారు."

కోడలు కర్రను ఒళ్ళో పెట్టుకుంది. టేపు ఊడొచ్చిన చోట వేలితో అదిమింది.

"ఇది నాతోపాటే దిగుతుంది," అంది. "దిగేముందు మీరొకటి చెప్పాలి. తిరగేసి ఉండకపోతే ఏమిటని అడిగాను. మీరు తిని రమ్మన్నారు. నేను తినలేదు, ఇంకా అక్కడే ఉన్నాను. తిరగేసి లేదు మామయ్యా. మీ వేళ్ళతోనే చూశారు. ఇప్పుడు చెప్పండి."

అత్త కంచాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండు కంచాలు, పక్కపక్కనే.

"నాన్నా," అని కింద నుంచి ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు. "కర్ర దొరికిందా?"

మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. కిందికీ దిగలేదు.